దేవుడి పిడికెడు

జూలూరుపాడుకు అడవి వైపున ఉన్న ఆ తండాలో సోమ్లి నోటికి జడవని మనిషి లేడు. మొగుడు పూల్‌సింగ్ జడిసేవాడు. తండా పెద్ద హరిలాల్ నాయక్ జడిసేవాడు గానీ పైకి మీసం దువ్వుకునేవాడు. వెదురు కొట్టించే కాంట్రాక్టరు గుమాస్తా అయితే ఆమె కట్టిన కట్టలకు ఏనాడూ వంక పెట్టలేదు. అలాంటి సోమ్లి జన్మలో ఒక్క మనిషి చెప్పిన మాటకే తల ఊపింది. ఆ ఊపిన తలను మళ్లీ అడ్డంగా తిప్పించడం ఎవరి వల్లా కాలేదు, ఆ మాట చెప్పిన మనిషి వల్ల కూడా అయ్యేది కాదేమో.

అది డెబ్బై నాలుగు నాటి వానకాలం. ఆమె బిడ్డ జమ్లి అప్పటికింకా పాలు తాగే పసిది. జ్వరంతో కళ్లు తేలేసింది. పూల్‌సింగ్ బండి కట్టాడు, వాగు దాటించాడు, మిషను దవాఖానాకు చేర్చాడు. అక్కడ సుగుణరత్నం అనే నర్సు ఉండేది. మందులు పోసేది, తడిగుడ్డ వేసేది, మధ్యమధ్య మంచం పట్టె మీద చెయ్యేసి కళ్లు మూసుకుని ఏదో చెప్పుకునేది. బిడ్డ కళ్లు తెరిచి పాలకు ఏడ్చిన రోజున సోమ్లి ఆ నర్సు కొంగు పట్టుకుంది.

"ఎవరికి చెప్పినవమ్మా నా బిడ్డ సంగతి?"

"యేసు ప్రభువుకి."

"ఆయనకు ఏం కోసియ్యాలె? కోడినా, మేకనా?"

నర్సు నవ్వింది. "ఆయన ఏమీ అడగడమ్మా. మా ఇళ్లల్లో అయితే ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా పెట్టుకుంటాం. అది దేవుడిది. ఇక మనం ముట్టుకోం."

అంతే చెప్పింది. ఆమె పుట్టిన ఊళ్లో ఆ పిడికెడు బియ్యం ఆదివారం ఆదివారం గుడికి చేరుతుంది. అది అందరికీ తెలిసిన సంగతి కాబట్టి విడమరిచి చెప్పాలని ఆమెకు తోచలేదు. అడగాలని సోమ్లికీ తోచలేదు. ఆ చెప్పని సగం మాట మీదే సోమ్లి బతుకంతా నడిచింది.

ఇంటికొచ్చి ఒక మట్టి గురిగి తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. అప్పట్లో తండాలో బియ్యం ఎక్కడివి? జొన్నలే. ఇసుర్రాయిలో జొన్నలు పోసే ముందు ఒక పిడికెడు తీసి గురిగిలో వేసేది. "తండ్రీ, ఇది నీది" అనేది. ఆమెకు వచ్చిన ప్రార్థన అదొక్కటే. గురిగి నిండాక చిక్కొచ్చింది. దేవుడు సంచి పట్టుకుని రాడు. చుట్టుపక్కల ఎక్కడా ఆయన గుడి లేదు. మరి ఆయనది ఆయనకు చేరేదెట్లా? ఒక పూటంతా ఆలోచించింది. ఆ సాయంత్రం మొగుడు విడిచేసిన ఒక మనిషి ఇద్దరు పిల్లల్ని వేసుకుని గుమ్మం ముందు నుంచి పోతోంది. పిల్లల ముఖాలు చూసింది సోమ్లి. గురిగి తీసుకెళ్లి ఆమె కొంగులో కుమ్మరించి వచ్చేసింది. దేవుడిది దేవుడికి చేరిందని ఆమెకు ఏ అనుమానమూ లేదు. అప్పటి నుంచి అదే పద్ధతి.

మరుసటి ఎండాకాలం దవాఖానా పాస్టరు గారు వాగులో బాప్తిస్మం ఇవ్వడానికి వచ్చాడు. మంచివాడే, కాకపోతే కొంచెం చాదస్తం. సోమ్లి మోచేతుల పైదాకా ఉన్న గాజులూ, అద్దాలు కుట్టిన లంగా చూసి, అవన్నీ పాత జీవితపు గుర్తులనీ, తీసేసి తెల్లచీర కట్టుకుని నీళ్లలోకి దిగమనీ అన్నాడు.

"అయ్యా, నా బిడ్డ సచ్చిపోతున్నప్పుడు నేను ఈ గాజుల చేతులతోనే మొక్కిన. అప్పుడు ఆయన ఇన్నడు కదా?"

"విన్నాడమ్మా, కానీ..."

"గప్పుడు అడ్డం రాని గాజులు గిప్పుడేం అడ్డమొస్తయ్?"

పాస్టరు గారు ఒడ్డున కాసేపు నిలబడ్డాడు. సోమ్లి ఒక్కతే అడుగు వేసి నడుము లోతు నీళ్లలో నిలబడి "రా అయ్యా, జల్దీ, ఎండ ఎక్కుతాంది" అని పిలిచింది. ఆయన దిగక తప్పలేదు. అద్దాల లంగా నీళ్లమీద తేలి మెరుస్తుండగా ఆమె క్రైస్తవురాలయింది. పూల్‌సింగ్ ఒడ్డునే కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. ఆయనకు అందరు దేవుళ్ల మీదా గౌరవమే, ఎవరి మీదా పట్టింపు లేదు.

అసలు గొడవ సీత్లా పండుగ దగ్గర మొదలయింది. తొలకరి పడ్డాక పశువులూ పిల్లలూ చల్లగా ఉండాలని తండా అంతా కలిసి ఆ తల్లికి మేకను కోస్తారు. ఏటా ఆ పూట సోమ్లి ఇంటి చందా పూల్‌సింగ్ చాటుగా ఇచ్చేవాడు. ఎనభై నాలుగులో ఆ సంగతి సోమ్లికి తెలిసిపోయింది. నడి తండాలో నిలబడి "నా ఇంటి నుంచి ఆ మేకకు పోయేది లేదు. చాటుగ ఇచ్చుడు అసలే లేదు" అని చెప్పేసింది. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి, పశువులకు గాళ్లు, అదే గాలికుంటు జబ్బు, వచ్చాయి. జనం భయపడ్డారు. భయపడ్డ జనాన్ని తప్పుబట్టలేం. చచ్చేది వాళ్ల ఎడ్లే. హరిలాల్ నాయక్ అందరినీ కూర్చోబెట్టి తేల్చేశాడు. సోమ్లి ఇంటికి నిప్పు ఇవ్వకూడదు, నీళ్లు ఇవ్వకూడదు, ఆమె చేతి నుంచి గింజ తీసుకోకూడదు, కూలికి పిలవకూడదు. మాట తప్పినవాళ్లకూ ఇదే వెలి. మేకకు తన వంతు ఇచ్చి చెంపలేసుకుంటే సరి, లేదంటే ఇదే.

"చెంపలు ఎవరివి ఎవరు ఏసుకుంటరో చూద్దాం తియ్" అంది సోమ్లి.

అనడానికి బాగానే ఉంది గానీ కడుపుకు ఏం చెప్పాలి? పూల్‌సింగ్ పని వెతుక్కుంటూ గోదావరి అవతలి అడవిలోకి పోయాడు. ఇంట్లో సోమ్లి, పదేళ్ల జమ్లి. గంజి పలచబడింది, తర్వాత ఒక పూటకు దిగింది. అయినా సోమ్లి ఇసుర్రాయి ముందు కూర్చున్నప్పుడల్లా ముందుగా ఒక పిడికెడు గురిగిలో పడేది. "తండ్రీ, ఇది నీది." ఆమె చేతి గింజ ముట్టే మనిషి తండాలో లేడు కాబట్టి గురిగి నిండింది. నిండి, కుప్పగా లేచి, పక్కన పెట్టిన చాటలోకి కూడా పాకింది.

జమ్లి దాన్ని చూస్తూ పడుకునేది, దాన్ని చూస్తూ లేచేది.

"యాడీ" అంది ఒక పొద్దున. వాళ్ల మాటలో యాడీ అంటే అమ్మ. "ఆ జొన్నలు ఇసురు. ఆకలైతాంది."

"అవి మనయ్ గావు."

"ఎవలయ్ మరి? దేవుడు తింటలేడు, మనం తింటలేం, తండావోళ్లు ముడ్తలేరు. పురుగులయా?"

"నోరు మూయ్. ఇచ్చినంక ఇచ్చినట్టే."

సోమ్లి ఆ మాట అని అడవిలో ఆకుకూర ఏమైనా దొరుకుతుందేమోనని పోయింది. ఆమె గుండె రాయి అనుకునేరు. గుమ్మం దాటిన దగ్గర నుంచీ ఏడుస్తూనే నడిచింది. బిడ్డ బతికిందే ఆయన వల్ల. ఆ బిడ్డ ఆకలిని సాకుగా పెట్టి ఆయనది వెనక్కి తీసుకుంటే ఆ ముఖం ఆయనకు చూపించేదెట్లా అన్నది ఆమె బాధ. అది ఒప్పో తప్పో మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం.

ఇంట్లో జమ్లి లేచింది. గురిగిని ఎత్తి నెత్తిన పెట్టుకుంది. కళ్లముందు అది లేకపోతే ఆకలి అన్నా తగ్గుతుందనుకుంది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, నేరుగా హరిలాల్ నాయక్ ఇంటి ముందుకు పోయి గుమ్మంలో కుమ్మరించింది.

"మా యాడీ తినదు, నన్ను తిననియ్యదు. మీరే తినుండ్రి!"

జొన్నలు వాకిలంతా దొర్లాయి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఎక్కడి వాళ్లక్కడ ఆగిపోయారు. నాయక్ బయటికొచ్చి "ఎవలూ ముట్టొద్దు!" అని అరిచాడు. ఆ కరువులో ఆయన ఇల్లు కూడా బయటికి కనిపించినంత నిండుగా లేదని ఎవరికి తెలుసు? ఆయన తల్లికి తెలుసు. మనవళ్లకు పెట్టి తాను తిన్నానని అబద్ధమాడుతున్న ముసలామె. అరుగు దిగి, నేలమీద కూలబడి, రెండు చేతులా జొన్నలు ఒళ్లోకి ఊడ్చుకోవడం మొదలుపెట్టింది.

"అమ్మా, ముట్టొద్దన్న కదా!"

"నువ్వు తెచ్చి పెడ్తున్నవారా?" అంది ముసలామె తల ఎత్తకుండానే. "ఆమె గింజ ముడితే ఎలి అంటివి. ఏడీ, నన్ను ఎల్లగొట్టు చూద్దాం."

నాయక్ మీసం మీద చెయ్యి మీసం మీదే ఉండిపోయింది. తల్లిని వెలివేసే మొనగాడు ఏ తండాలోనూ పుట్టలేదు. ముసలామె ఇసిరిన జొన్నరొట్టె ఆ పూట ఆయన పిల్లలు తిన్నారు. అంతటితో వెలి మాట గాలికి పోయింది. ఎవరూ దాన్ని ఎత్తేశామని చెప్పలేదు, ఎవరూ పాటించనూ లేదు. ఆ సాయంత్రమే ఒక పొరుగామె పొయ్యిలోకి నిప్పు అడుగుతూ సోమ్లి గుమ్మంలోకి వచ్చింది.

సోమ్లి తిరిగొచ్చి జరిగింది విని, ఖాళీ గురిగిని, బిడ్డను మార్చి మార్చి చూసింది.

"కుమ్మరించేటప్పుడు ఆ మాట అన్నవా?"

"ఏ మాట?"

"తండ్రీ, ఇది నీది అని."

"అనలే! నాకు ఆకలైతాంది అన్న. అది అన్నా ఇంటడా నీ దేవుడు?" అంది జమ్లి. "నేను పెద్దయి నా ఇల్లు పెట్టినంక ఈ గురిగి నా ఇంట్ల ఉండది. చూస్కో."

సోమ్లి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి బిడ్డ వీపు మీద పడలేదు. లాగి గుండెకు అదుముకుంది. ఇద్దరూ ఏడ్చారు. కానీ బిడ్డ అన్న ఆ మాట మాత్రం సోమ్లి లోపల ముల్లులా దిగింది.

జమ్లి ఊరికే అనే పిల్ల కాదు. తల్లి నోరే దానికీ వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత మోతీలాల్‌తో పెళ్లయి, పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో అతనికి బొగ్గు దించే కాంట్రాక్టు పని దొరికి కాపురానికి పోతున్నప్పుడు సోమ్లి ఆ గురిగిని గుడ్డలో చుట్టి మూటలో పెట్టింది. జమ్లి మూట విప్పి, గురిగిని తీసి, మళ్లీ పొయ్యి పక్కన దాని చోట పెట్టేసింది. బస్సు పోయినాక సోమ్లి ఆ గురిగి ముందు చాలాసేపు కూర్చుంది.

తొంభై ఏడులో పక్క ఊళ్లో రేకుల షెడ్డుతో గుడి వచ్చింది. నేలకొండపల్లి వైపు నుంచి కొత్త పాస్టరు వచ్చాడు. కుర్రవాడు, సైకిలు మీద తిరిగేవాడు, తెలియనిది అడిగి తెలుసుకునే రకం. సోమ్లి ఇంట్లో పొయ్యి పక్కన గురిగి చూసి సంబరపడ్డాడు.

"పిడికెడు బియ్యం తీస్తున్నావా అమ్మా! ఎన్నాళ్ల నుంచి?"

"నా బిడ్డ పాలు తాగేకాడి నుంచి."

"ఇన్నేళ్లదీ ఏ సంఘానికి ఇచ్చావు?"

"సంఘమేంది?" అంది సోమ్లి. "ఆకలైనోళ్లకు ఇచ్చిన."

కుర్రవాడు తెల్లబోయాడు. అది గుడికి తేవాల్సిందనీ, అదే పద్ధతి అనీ మెల్లగా చెప్పాడు. సోమ్లి చివరిదాకా విన్నది.

"నీ గుడిల ఆకలైనోళ్లుంటే చెప్పు, నేనే మోసుకొస్త. లేకుంటే ఇది పోయే తోవ ఇదే. ఇరవై ఏండ్ల సంది ఆయన వద్దనలే, నువ్వంటవా?"

పాస్టరు నవ్వి ఆ సంగతి వదిలేశాడు. కానీ పోతూ పోతూ ఇంకొకటి అడిగాడు. "మీ అమ్మాయి సంగతేంటమ్మా? పాల్వంచలో గుడికి వెళుతుందా? వాక్యం ఏమైనా వచ్చా?"

"నాకే రాదు, దానికెట్ల ఒస్తది?"

"విశ్వాసం మనతో ఆగిపోకూడదమ్మా. పిల్లలకు అందాలి. లేకపోతే ఈ ఇంట్లో అది మీతోనే ముగిసిపోతుంది." దురుసుగా అనలేదు. నిజంగా బాధపడే అన్నాడు. అందుకే ఆ మాటకు సోమ్లి దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు లేకపోవడం ఆమెకు అలవాటు లేదు. మొక్కజొన్న చేలో కలుపు తీస్తున్నా అదే, కట్టెలు కొడుతున్నా అదే. బాప్తిస్మం రోజున పాస్టరును, కరువు రోజున తండాను ఎదిరించి నిలబెట్టుకున్నది తన కడుపున పుట్టిన పిల్ల దగ్గరే ఓడిపోయిందా? ఓడిపోతే ఓడిపోయింది, కళ్లతో చూసి తేల్చుకుందామని ఒక పొద్దున ఏమీ తినకుండానే జూలూరుపాడులో బస్సెక్కింది. కొత్తగూడెంలో మారి, నిలబడే ప్రయాణం చేసి, ఎండ నెత్తికెక్కేసరికి పాల్వంచలో దిగింది.

కంపెనీ కాలనీ గోడ అవతల రేకుల గుడిసెల వరస. బూడిద పడి రేకులన్నీ తెల్లబడి ఉన్నాయి. మోతీలాల్ డ్యూటీకి పోయాడు. జమ్లి తల్లిని చూసి కావలించుకుంది, నీళ్లిచ్చింది, పొయ్యి రాజేసింది. జమ్లి కూతురు సునీత, నాలుగైదేళ్లది, తల్లి వెనకాలే తిరుగుతోంది.

సోమ్లి గోడకు ఆనుకుని కూర్చుని కళ్లతో ఇల్లంతా వెతికింది. పొయ్యి పక్కన చూసింది, గూట్లో చూసింది, సిగ్గు విడిచి మంచం కిందికి కూడా వంగి చూసింది. గురిగి లేదు. దాని లాంటి డబ్బా కూడా లేదు. సరే, బియ్యం పోసేటప్పుడు చూద్దామనుకుంది. జమ్లి బియ్యం చెరిగింది, కడిగింది, ఎసట్లో పోసింది. పిడికెడు తీయలేదు. పక్కన నిలబడ్డ సునీత ఏదో ఆటలా పెదాలు కదుపుతోంది తప్ప ఆ గదిలో ప్రార్థన అన్నదే లేదు.

కుర్ర పాస్టరు నిజమే చెప్పాడు. కూతుర్ని తిట్టాలనుకుంది సోమ్లి. ఏమని తిడుతుంది? దాన్ని ఆకలితో మాడ్చింది తనే. గురిగి ముందు కూర్చుని కళ్లప్పగించి చూసిన ఆ పదేళ్ల ముఖం గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి, తప్పు చేశానేమో అనిపించింది.

అన్నం వార్చి జమ్లి పళ్లాలు పెట్టింది. తల్లికి, బిడ్డకు, తనకు. పప్పు పోసింది. సోమ్లికి కడుపులో పేగులు అరుస్తున్నాయి. దుఃఖం దుఃఖమే, ఆకలి ఆకలే. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చింది.

చిన్న చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది.

"నానీ, ఆగు" అంది సునీత అమ్మమ్మతో. "ఇంకా రాలే."

"ఎవలు రాలే? మీ నాయిననా?"

"కాదు."

"మరెవలు?"

"ఏమో."

సోమ్లి జమ్లి వైపు చూసింది. అప్పుడు కనబడింది, పొయ్యి దగ్గర మూతపెట్టిన నాలుగో పళ్లెం.

"పొద్దుగాల థర్మల్ గేటు కాడ పని దొరకనోళ్లు ఎందరో నిలబడ్తరు యాడీ" అంది జమ్లి, ముఖం అటే తిప్పుకుని. "ఎక్కడెక్కడి నుంచో ఒస్తరు. పగటి సైరన్ మోగినంక ఇంక లాభం లేదని ఈ సందులకెళ్లే పోతరు. ఒక్కరిని పిలుస్త. రోజుకు ఒక్కరికే అయితది."

"పిడికెడు తియ్యలే కదనే నువ్వు? నేను చూస్తనే ఉన్న."

"తియ్య. ఇంకో పిడికెడు ఏస్త." జమ్లి ఇటు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. "నీ గురిగి నిండేదాంక నేను దాన్ని చూసుకుంట పండిన. నా బిడ్డ అట్ల చూడొద్దు. ఆయనది గురిగిల ఎందుకుండాలె? మన కుండల్నే ఉడకనీ. మనతోనే కూసోని తిననీ. మీ పాస్టరొద్దన్నా, నువ్వొద్దన్నా నా ఇంట్ల గిట్లనే."

సోమ్లి అలవాటైన మొండితనంతో ఇంకొక్కటి అడిగింది. "ఆ మాట అంటవా మరి, పోసేటప్పుడు?"

"నేనంట!" అంది సునీత. "యాడీ బియ్యం పోస్తది, నేను అంట. తండ్రీ, ఇది నీది. ఇందాక అన్న, నువ్వు ఇనలే."

సోమ్లికి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి మీదపడ్డాయి. ఈ జవాబు కుర్ర పాస్టరుకు చెప్పేదాకా ఆగలేననిపించింది. బయట సైరన్ ఇంకా మోగలేదు. పప్పన్నం వాసన గదంతా పరుచుకుంది. సునీత ఆమె మణికట్టును ఇంకా వదల్లేదు.

"నానీ, ఆకలైతాందా?"

"అవ్ బిడ్డా" అంది సోమ్లి. "మస్తు ఆకలైతాంది."

చేతిలోని ముద్ద తిరిగి పళ్లెంలో పెట్టి, గుమ్మం వైపు తిరిగి కూర్చుంది.